వెళ్ళొస్తా మరి

సాయంకాలమైందని తెలుసుకోవడానికి ఆ ఆఫీసులో ఎవరూ గడియారం వంక చూడరు. వీడియో ఆటల్లో తప్పులు వెతికే కుర్రకారు తమ గదిలో ఒక్కొక్క కంప్యూటరే కట్టెయ్యడం మొదలుపెడితే చాలు, ఆవిడ గొంతు వినిపిస్తుంది. "వెళ్ళొస్తా మరి." పక్క బల్ల మీద నుంచి మళ్ళీ, "వెళ్ళొస్తా మరి." ఆ పక్క బల్ల, ఆ పైది. గది ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే మనిషి, ఒకే విరుపు, చివర్లో నవ్వు ఆపుకున్నట్టు ఒకే చిన్న ఊపిరి. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో మురిసిపోతారు. నెల తిరిగేసరికి చెవుల్లో దూది కుక్కుకుంటారు.

గోడకి ఇవతల గదిలో కూర్చునే కత్తెర మాత్రం రోజూ ఆ గొంతుకి బదులు పలుకుతాడు. ఎవరికీ వినపడకుండా "రా అక్కా" అంటాడు.

కత్తెర అన్నది ఆయన పేరు కాదులెండి. శబ్దాలు కోసి అతికించే పని గనక కుర్రతనంలో ఆ పేరు పడింది, పడి అసలు పేరుని మింగేసింది. ఇప్పుడు జుట్టు నెరిసినా చిన్నా పెద్దా అందరికీ కత్తెర గారే. ఆ గొంతు ఆయన అక్కది. ఆవిడ పోయి పాతికేళ్ళు.

ఆట పేరు ‘పడవమ్మ’. ఆడేవాళ్ళు పొగమంచు కమ్మిన దీవుల్లో దారి తప్పి తిరుగుతుంటారు. ఇక తమ పని అయిపోయిందనుకునే వేళకి లాంతరు పెట్టుకుని పడవమ్మ వస్తుంది, ఒడ్డుకు చేరుస్తుంది, "వెళ్ళొస్తా మరి" అని మంచులోకి పోతుంది. ఆట కట్టేసినా అదే మాట. అందులో ఏం మందు కలిసిందో గానీ జనం పడి చచ్చారు. పదకొండు భాగాలొచ్చాయి, పన్నెండోది తయారవుతోంది. బొమ్మలు మారాయి, దీవులు పెరిగాయి, పడవకి తెరచాప వచ్చి, పోయి, మళ్ళీ వచ్చింది. గొంతు మాత్రం మారలేదు. వెళ్ళొస్తానన్న మనిషి మాట తప్పకుండా రెండేళ్ళకోసారి వస్తూనే ఉంది.

ఆ గొంతు అందులోకి ఎలా వచ్చిందో చెబితే నవ్వుతారు. అప్పట్లో కంపెనీ అంటే టైలరు దుకాణం మీద రెండు గదులు, ఐదుగురు స్నేహితులు. గొంతు ఇవ్వడానికి వస్తానన్న నటి రాలేదు. అక్క మధ్యాహ్నం తమ్ముడికి అన్నం క్యారియరు తెచ్చింది, పసిపిల్లని పక్కింటావిడ దగ్గర పడుకోబెట్టి. దొరికిందే సందని మైకు ముందు కూర్చోబెట్టేశాడు తమ్ముడు. చెప్పిందే చెప్పించి, చెప్పిందే చెప్పించి, క్యారియరు తెచ్చిన పాపానికి ఆవిడని సాయంత్రం దాకా కదలనివ్వలేదు. చివరికి ఆవిడ లేచి చెప్పుల్లో కాళ్ళు పెడుతూ "వెళ్తున్నా" అంది. ఈయనకి చిన్నప్పటి నుంచీ పిచ్చి పట్టింపు. "అలా అనకూడదక్కా, వెళ్ళొస్తా అనాలి" అన్నాడు. ఆవిడ వెక్కిరిస్తూ, దీర్ఘం తీసి, "వెళ్ళొస్తా మరి" అంది. మైకు తెరిచే ఉంది. ఊరూ వాడా పడవమ్మ మాటగా మోగిపోతున్న ఆ మాట ఒక అక్క తమ్ముణ్ణి వెక్కిరించిన మాట.

ఆట బజారుకెక్కకముందే, జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన అక్క ఇంటికి రాలేదు. ఆ రోజు గుమ్మం దిగుతూ ఏమందో కత్తెరకి గుర్తు లేదు. గుర్తు చేసుకోబోతే పడవమ్మే వినిపిస్తుంది.

రెండో భాగం వచ్చేసరికి ఆ గొంతే కావాలన్నారు. మనిషి లేదు కదా, ఉన్నదాన్నే కోసి కొత్త మాటలు కట్టాడు. ‘రేవు’లోంచి రే, ‘గాలి’లోంచి లి. మూడోదానికి ఇంకాస్త సన్నగా కోశాడు. కంప్యూటర్లో అక్కని అక్షరాల వరసలో సర్దేశాడు, అ నుంచి క్ష దాకా, ఒక్కో అక్షరానికి ఒక్కో అర. ఎక్కడ ఏ ఊపిరి ఉందో చీకట్లో అడిగినా చెప్పగలడు. పనికొచ్చిన ముక్కలు తీసుకున్నాక, ఖాళీ టేపులు దొరకని రోజులు కావడంతో, ఆ పాత టేపుల మీదే ఆటకి కావలసిన వానా, గాలీ, అలలూ రికార్డు చేసుకున్నాడు. అక్క మధ్యమధ్యలో మంచినీళ్ళడిగింది, కింద కుట్టుమిషన్ల రొదని తిట్టుకుంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. వాటన్నిటి మీదా వాన కురిపించేశాడు. పనికిరానిదనుకుని తుడిచేసిందే మనిషని అప్పుడు తోచలేదు. తోచినప్పటి నుంచీ ఆయనకి నిద్ర సరిగ్గా లేదు.

కల్లోకి అక్క వస్తుంది. కానీ అరల్లో ఉన్న మాటలే మాట్లాడుతుంది. ఇంకేదో చెప్పబోయినప్పుడు నోరు తెరుచుకుంటుంది, చప్పుడు రాదు. "ఏమిటక్కా?" అని ఈయన అడుగుతుంటే ఆవిడ వెతుక్కుని, వెతుక్కుని, "పొగమంచు తగ్గింది, పడవెక్కు" అంటుంది. చెమటలు పట్టి లేస్తాడు.

పన్నెండో భాగం మాట ఎత్తడానికి యజమాని అందర్నీ పెద్ద గదిలోకి పిలిచాడు. యజమాని అంటే ఆనాటి ఐదుగురిలో ఒకడే. కత్తెరకి చిన్ననాటి స్నేహితుడు, నలుగురిలో ‘మీరు’, తలుపు వేస్తే ‘ఒరేయ్’. మధ్యలో ఎప్పుడో ఒకసారి పడవమ్మని పక్కన పెట్టి తేనెటీగల మీద ఒక ఆట చేశాడాయన. ముచ్చటైన ఆట. ఎవడూ కొనలేదు. ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు ఆయన ఈనాటికీ వదల్లేదు.

"ఈసారి కొత్తదనం ఉంది" అన్నాడు యజమాని. "పడవమ్మకి ఒక కూతురు. మంచులో తప్పిపోయింది. పడవమ్మ దాన్ని పిలుస్తూ తిరుగుతుంది."

చప్పట్లు కొట్టారు. కథలు రాసే అమ్మాయి మాత్రం కత్తెర చెవిలో గొణిగింది. "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అని, దీన్ని కొత్తదనం అంటారా కత్తెర గారూ? నేను మూడు కొత్త ఆటలు రాసిచ్చాను. చదివి, బాగున్నాయమ్మా, ఇందులో పడవమ్మ ఎక్కడ అన్నారు."

కత్తెర నవ్వలేదు. "ఏమని పిలుస్తుందండీ?" అని అడిగాడు యజమానిని.

"ఏముంది? పాపా అని."

 అక్క కూతురు ఇప్పుడు పెరిగి పెద్దదై ఉద్యోగం చేస్తోంది, అయినా ఇంట్లోవాళ్ళకి ఇంకా పాపే. అక్క పిలిచిన పిలుపది. దాని మీద బయటివాళ్ళెవరూ ఇంకా చెయ్యి వెయ్యలేదు.

అయినా పని పనే. తన గదిలో కూర్చుని ‘పాత రేవు’లోంచి పా తీశాడు, ‘పడవ’లోంచి ప తీసి సాగదీశాడు, రెండూ అతికి గరుకు నున్నగా చేశాడు. "పాపా." వినిపిస్తే అందరూ ఆహా అన్నారు. ఆయనకి మాత్రం బోర్డు మీద రాసిన అక్షరాలు ఎవరో కూడబలుక్కుని చదివినట్టుంది. పిలుపులో ఉండే తొందర లేదు, పిల్ల మీద దిగులు లేదు.

యజమానికీ అది నచ్చలేదు, అందరూ వెళ్ళేదాకా ఆగి తలుపు వేశాడు. "ఇది కాదురా. ఆ రోజు నేనూ ఉన్నాగా, పాప లేచుంటుందని ఆవిడ ఎంత గోల చేసింది! ఆ ముక్క ఉన్న టేపు నువ్వు పారెయ్యవు. నీ సంగతి నాకు తెలీదూ?"

"చూస్తాను" అన్నాడు కత్తెర.

చూసేదేముంది? టేపు ఇంట్లో బీరువాలో ఉంది, పైన ‘పనికిరానివి’ అని తన చేతిరాతే. వాన కురవకుండా మిగిలింది అదొక్కటే. పాతికేళ్ళుగా ఆయన దాన్ని పెట్టి వినలేదు. వింటే అందులోనూ పడవమ్మే వినిపిస్తుందేమోనని భయం. అప్పుడిక అక్కంటూ ఎక్కడా ఉండదు.

ఆదివారం మేనకోడలు వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేసే పని ఆమెది, మాట కత్తిలా ఉంటుంది. వచ్చీ రాగానే సంచీ కుర్చీలో విసిరి ఎదురుగా కూర్చుంది.

"మామయ్యా, పడవమ్మ కూతురెవరు?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? బస్సుల మీద ఈ మూల నుంచి ఆ మూలకి రాసి తగిలించారు. ‘తల్లి వస్తోంది, పాపని వెతుక్కుంటూ’ అట! ఆ బొమ్మకి కూడా మా అమ్మే దొరికిందా?"

 ఆ పిల్ల కోపం అలాంటిలాంటిది కాదు, అడ్డం వెళ్తే ఇంకా పెరుగుతుంది.

"మొన్న దుకాణంలో ఒకాయన్ని కూర్చోబెట్టి కళ్ళకి అద్దాలు పెడుతున్నాను. ఆయన జేబులో ఫోను ‘వెళ్ళొస్తా మరి’ అంది. నా చేతిలో అద్దం జారి పగిలింది. ఆయనేమో, మీకూ పడవమ్మంటే ఇష్టమాండీ అని నవ్వుతాడు!" ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది. "బజార్లో ఎవడికి పడితే వాడికి చెప్తోంది మామయ్యా వెళ్ళొస్తానని. నాకు చెప్పిందో లేదో నాకు తెలీదు. నాకు ఒక్కటి కావాలి. ఊరందరితో అన్నది కాదు, నా గురించి అన్నది. ఒక్క మాట చాలు. నీ దగ్గర ఏమైనా మిగిలిందా?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పాపం, ఆ పిల్ల అమ్మనే అడుగుతోంది. బీరువా చెయ్యి చాపినంత దూరంలో ఉంది. చాపలేదు. టేపు తీస్తే మిగతావన్నీ ఏమయ్యాయని అడుగుతుంది. వాన కింద పోయాయని ఏ నోటితో చెప్తాడు?

"ఏమీ మిగల్లేదమ్మా" అన్నాడు.

 ఆమె సంచీ తీసుకుని "సరే. వెళ్తున్నా" అంది. వెళ్ళొస్తా అని ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనలేదు. బజారు మాటైపోయిన దాన్ని నేను అననంటుంది. ఎప్పుడూ వినే మాటే అయినా ఆ రోజు కత్తెరకి ప్రాణం చివుక్కుమంది.

మర్నాడు టేపు సంచీలో వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఎవరికివ్వాలో తేలక వెంట పెట్టుకు తిరుగుతున్నాడంతే. సాయంకాలం యజమాని గదిలోకి పిలిచి సంచీ వైపే చూశాడు.

"దొరికిందన్నమాట."

"దొరికింది. కానీ మా పాప అడుగుతోందిరా."

"ఓస్, అంతేనా? కాపీ తీద్దాం. ఆ అమ్మాయికి ఒకటి, మనకొకటి. ఎవరి సొమ్మేం పోయింది?"

"అలా అనుకునే ‘వెళ్ళొస్తా మరి’ ఇచ్చాను" అన్నాడు కత్తెర. "అది నన్ను వెక్కిరించిన మాటరా. నాతో అంది. ఇప్పుడు వింటుంటే నాతో అన్నట్టు లేదు. కళ్ళు మూసుకుంటే మా అక్క మొహం రావడం లేదు, నువ్వు గీయించిన లాంతరు వస్తోంది. పోగొట్టుకోకూడదని పట్టుకు వేలాడాను, పట్టుకునే పోగొట్టుకున్నాను. మా పాప మాట కూడా అలా చేసి దాని చేతిలో పెట్టమంటావా?"

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం లేదు, అలిసిపోయాడు. "పడవమ్మ మీద ఎంతమంది బతుకుతున్నారో నీకు తెలీదా?"

"ఉన్నన్నాళ్ళూ మా అక్క ముగ్గురికి వండి పెట్టింది. పోయాక ఇంతమందికి పెడుతోంది. ఇంక చాలదట్రా?"

"కొత్త గొంతు పెడితే జనం రాళ్ళేస్తారు."

"వెయ్యనీ. కొత్త ఆట చెయ్యి. ఆ కథల పిల్ల మూడు రాసిచ్చిందిగా."

"చేశానుగా ఒకసారి!" అని అరిచాడు యజమాని. అరిచినందుకు సిగ్గుపడి, చేతికి పని కావాలన్నట్టు తన కంప్యూటరు కట్టేశాడు. "వెళ్ళొస్తా మరి" అంది అక్క.  గోడ అవతల తప్పులు వెతికే కుర్రాళ్ళ గదిలో కూడా మొదలైంది, ఒక బల్ల తరువాత ఒక బల్ల, వెళ్ళొస్తా మరి, వెళ్ళొస్తా మరి. అలవాటు చొప్పున కత్తెర పెదవులు కదలబోయాయి. యజమాని వంక చూస్తే ఆయన పెదవులూ కదులుతున్నాయి.

"నువ్వూనా?" అన్నాడు కత్తెర.

"నాకు అన్నం పెట్టలేదా ఆవిడ?" యజమాని తల దించుకున్నాడు. "రోజూ సాయంత్రం వెళ్ళొస్తానంటుంటే పోయిందనే అనిపించదురా. ఆపేస్తే ఆ రోజే పోతుంది. నువ్వు నన్ను డబ్బు మనిషనుకుంటున్నావు. నాకు భయంరా."

భయం అన్న మాట వినగానే కత్తెరకి ఆయన మీద ఉన్న కసంతా కరిగిపోయింది. ఇద్దరు ముసలివాళ్ళు ఒక ఆడమనిషిని పాతికేళ్ళుగా గుమ్మంలోనే నిలబెట్టి ఉంచారు, లోపలికి రానివ్వరు, బయటికి పోనివ్వరు. కత్తెర లేచి సంచీ భుజాన వేసుకున్నాడు.

"పడవమ్మకి కూతురు లేదురా. కూతురుంది మా అక్కకి. నేను వెళ్తున్నా."

"అదేం మాట?" యజమాని గాభరాగా లేచాడు. "వెళ్ళొస్తా అనరా."

కత్తెర అనలేదు.

తన గదిలోని పాతకాలపు టేపురికార్డరు మోసుకుని మేనకోడలి ఇంటికి వెళ్ళేసరికి ఇంకా వెలుగుంది. ఆమె తలుపు తీసి, రికార్డరు చూసి, ఏమీ అడక్కుండా బల్ల మీద గిన్నెలు తీసి చోటిచ్చింది. నిన్న అబద్ధమాడానని చెప్పాడు. టేపుల మీద వాన రికార్డు చేశానని కూడా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె "అది అయ్యాక తిడతాను, ముందు పెట్టు" అంది.

ఆయన మీట నొక్కబోయి ఆగాడు. "ఇందులోనూ పడవమ్మే ఉంటే నన్ను క్షమించు."

ముందు కుట్టుమిషన్ల రొద వచ్చింది. కుర్చీ కిర్రుమంది. తరువాత ఒక గొంతు. బొంగురుగా, వేగంగా, మాట మీద మాట పడిపోతూ.

"ఒరేయ్, ఇంకెన్నిసార్లు చెప్పిస్తావురా? నా గొంతు తడారిపోయింది."

"ఒక్కసారక్కా." కుర్ర కత్తెర గొంతు.

"నీ ఒక్కసారి మధ్యాహ్నం నుంచీ వింటున్నా. నీకూ పనిలేదు, నీ పడవకీ పనిలేదు. అవతల పాప లేచుంటుంది. లేచి నేను కనపడకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. దానికి అసలే నా కోపం వచ్చింది."

మేనకోడలు బల్ల అంచు పట్టుకుంది. "మామయ్యా, విసుక్కుంటోంది!" అంది, ఏదో పండు దొరికిన పిల్లలాగా. "ఈవిడ విసుక్కుంటోంది మామయ్యా!"

అవును. పదకొండు భాగాల్లో పడవమ్మ ఒక్కనాడూ విసుక్కోలేదు. ఈ మనిషి పడవమ్మ కాదు. ఈ మనిషికి ఇంటి దగ్గర పిల్ల ఉంది. కత్తెరకి ఉన్నట్టుండి అక్క మొహం కనపడింది, నుదుటి మీద చెమటతో, చిరాగ్గా. ఆయన ఏడుపు ఆపుకోలేదు.

టేపులో చెప్పుల చప్పుడు. "నేను వెళ్తున్నా."

"అక్కా! అలా అనకూడదు, వెళ్ళొస్తా అనాలి."

"రాను పో! మళ్ళీ నీ దగ్గరికెందుకొస్తాను? మా పాప దగ్గరికి వెళ్తున్నా."

అక్కడ టేపు టక్కుమని గెంతింది. ఆనాడు బ్లేడుతో కోసి అతికించిన చోటది. లోకమంతా విన్న ఆ వెక్కిరింత మాట అక్కడే ఉండేది, ఇప్పుడు లేదు. గెంతిన తరువాత తలుపు చప్పుడు, మెట్ల మీద చెప్పుల చప్పుడు, గబగబా కిందికి. కుట్టుమిషన్ల రొదలో కలిసిపోయి, ఇంకేమీ లేదు.

"నా దగ్గరికే వచ్చిందా?" అంది మేనకోడలు.

"నీ దగ్గరికే. పరిగెత్తుకుంటూ."

ఆమె మళ్ళీ పెట్టమనలేదు. కళ్ళు తుడుచుకోనూ లేదు. ఆగిపోయిన రికార్డరు మీదికి వంగి, పక్కగదిలోంచి ఎవరో పిలిస్తే పలికినట్టు, మామూలు గొంతుతో పలికింది.

"లేచే ఉన్నానమ్మా, రా."